చూపించని బిడ్డ

ఆ మిషన్‌కి కాగితాల మీద నోరు తిరగని పేరొకటి ఉంది. ల్యాబులో మాత్రం అందరూ దాన్ని దివిటీ అనే పిలిచేవారు. గుంటూరు ఊరి చివర, మిర్చి కోల్డ్ స్టోరేజీలు దాటాక వచ్చే పరిశోధనాసుపత్రిలో, స్త్రీల విభాగం మేడ మీద దానికొక గది ఇచ్చారు. తయారుచేసింది కరీముల్లా. దానికి పని చూపించింది డాక్టర్ పరిమళ.

పని అంటే ముత్యాల గర్భం. కడుపులో బిడ్డకు బదులు ద్రాక్షగుత్తిలా నీటిబుడగలు పెరిగే జబ్బు అది. కడిగేసినా ఒక్కోసారి దాని కణమేదో ఒంట్లో దాక్కుని, ఊపిరితిత్తులకో మెదడుకో పాకి తల్లిని మింగేస్తుంది. అలా తన చేతుల్లో పోయిన ఆడపిల్లల మొహాలు పరిమళకు ఇంకా కళ్ల ముందు కదులుతుండేవి. ఆ కణం తల్లిది కాదు, కడుపున పడినదానిది. కాబట్టి తల్లి నెత్తురుచుక్కను మిషన్‌కి చూపించి, ‘ఒంట్లో ఇది కానిదేదుంటే అది వెలిగించు’ అని నేర్పగలిగితే చాలునని కరీముల్లా ఆలోచన. నరంలోకి మందు ఎక్కించి, మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, పైనున్న పళ్లాన్ని తల నుంచి కాళ్లదాకా జరిపితే, పరాయి కణాలు తెర మీద చుక్కలుగా వెలగాలి.

వెలిగాయి. జబ్బున్న వాళ్లలోనే కాదు, ఎప్పుడో ఒకప్పుడు బిడ్డను మోసిన ప్రతి ఆడదానిలోనూ వెలిగాయి.

“తొమ్మిది నెలలుండి వెళ్లిపోతుందనుకుంటాం మేడమ్,” అన్నాడు కరీముల్లా ఆ తెర చూసిన రోజున, ఎవరో నిద్రపోతున్నట్టు గొంతు తగ్గించి. “వెళ్లదు. కొంచెం వదిలేసి వెళ్తుంది. కాలేయంలో, ఎముకల్లో, గాయమైన చోట. ఒక్కో బిడ్డది ఒక్కో రంగు.”

ఆ మొదటి రోజుల్లో, మిషన్ సరిచూసుకోవడానికి హంసవేణి అనే నర్సు తనంతట తానే బల్ల ఎక్కింది. పెళ్లికాని పిల్ల. తెర మీద పచ్చ చుక్కలు మిణుకుమిణుకుమన్నాయి. గదిలో ఉన్నవాళ్లంతా చూశారు. ఆ పిల్ల బల్ల దిగి, చున్నీ సర్దుకుని వెళ్లిపోయింది, మళ్లీ డ్యూటీకి రాలేదు. అప్పటి నుంచి తెరను గోడవైపు తిప్పి పెట్టాలని పరిమళ కట్టడి చేసింది. డాక్టరు, మిషన్ నడిపే కరీముల్లా తప్ప మరొకరు చూడకూడదు.

దయామణి వచ్చేనాటికి ఆ కట్టడి పక్కాగా నడుస్తోంది.

ఆమెది నలభై దాటిన వయసు. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పని. వేళ్ల చివర్లు ఎర్రగా పొక్కి ఉన్నాయి. నెలల తరబడి ఆగకుండా రక్తం పోతోందట. మొహం తెల్లకాగితంలా ఉంది. భర్త ఇశ్రాయేలు మార్కెట్ యార్డుకి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తోలే ట్రక్ ఆటో నడుపుతాడు. ఆయన వరండాలో కూర్చున్నాడు.

పరిమళ లోపలి పరీక్షకు స్పెక్యులమ్‌ను గోరువెచ్చని నీళ్లలో తడిపి తెచ్చింది. “కాళ్లు మడిచి వదిలేయమ్మా. ఊపిరి బిగబట్టకు. ఇప్పుడు లోపలికి పెడుతున్నా. నొప్పంటే ఆపమని చెప్పు, ఆపేస్తాను.”

దయామణి పైకప్పుకేసి చూస్తూ అంది: “మీరు చెప్పి చేత్తున్నారు డాక్టరమ్మా. నాకిప్పటిదాకా ఎవురూ చెప్పి చేయలా.”

రెండు వేళ్లు లోపల ఉంచి, రెండో చెయ్యి పొత్తికడుపు మీద అదిమి చూసింది పరిమళ. గర్భసంచి మూడో నెల కడుపంత ఉంది. గడ్డయితే గట్టిగా తగలాలి. ఇది మెత్తగా ఉంది. వేలు తీయగానే కొత్త నెత్తురు జారింది.

“కాన్పులెన్ని?”

“ఒకటి. అంటే, బతికింది ఒకటి. మా కెజియా. నర్సింగు చదువుద్ది. దానికి ముందు ఇంకోటి పోయింది. ఎనిమిదో నెల్లో గుర్రపువాతం వచ్చి ఫిట్లు కొట్టినయ్యంట, నాకు తెలివి లేదు. లేచేసరికి ఏమీ లేదు. మా అత్త గుడ్డలో చుట్టి తీసకపోయింది. చూత్తే మరిచిపోలేవే అంది. ఆడో మగో కూడా చెప్పలా. యే కాలవ గట్టున పెట్టిందో చెప్పకుండానే ఆమా పోయింది.”

“తర్వాత ఎవరినైనా అడిగావా?”

“నర్సమ్మని అడిగితే కిందికి చూసి, మాకేం తెలవదంది.”

మర్నాడు దయామణిని దివిటీ కింద పడుకోబెట్టారు. కెజియా లాలాజలం, ఇశ్రాయేలు నెత్తురు కూడా తీసుకున్నారు. పళ్లెం మెల్లగా జరిగింది. భుజాల దగ్గర, పక్కటెముకల్లో అక్కడక్కడా నీలం చుక్కలు కనిపించాయి. అవి కెజియావని మిషన్ సరిపోల్చి చెప్పింది. పళ్లెం నడుము దాటాక కరీముల్లా చెయ్యి ఆగిపోయింది. గర్భసంచి గోడలో, గుప్పెడంత మేర, కుంకుమపువ్వు రంగు మంట మండుతోంది.

“ఇది కెజియాది కాదు,” అన్నాడు. “సగం తల్లిది, సగం తండ్రిది. మొదటి కాన్పులో మాయ అంటుకున్న చోట మిగిలిపోయింది మేడమ్. ఇన్నేళ్లు పడుకుని ఇప్పుడు లేచింది.”

“గర్భసంచి దాటిందా?”

“ఇంకా దాటినట్టు లేదు. ఆలస్యం చేస్తే దాటుతుంది.”

అటువంటి క్యాన్సరు చాలా అరుదు. గర్భసంచి మొత్తం తీసేస్తే బతుకుతుంది, తీయకపోతే లేదు. పరిమళకు ఇందులో తటపటాయించాల్సిందేమీ కనిపించలేదు. భార్యాభర్తలిద్దరినీ లోపలికి పిలిచింది. నీరసంగా ఉన్న దయామణి మళ్లీ బల్ల మీదే పడుకుంది.

ఆ సంగతి ఆమె ఎలాగైనా చెప్పి ఉండవచ్చు. క్యాన్సరు గడ్డమ్మా, ఆపరేషన్ చేయాలి అంటే సరిపోయేది. కానీ దయామణి “నాకెందుకొచ్చింది డాక్టరమ్మా, నేనేం తప్పు చేశా?” అని అడిగింది. ఆమె తప్పేమీ లేదని చెప్పాలన్న తొందరలో పరిమళ నిజం చెప్పేసింది. మొదటి కాన్పు తాలూకు మాయ కణాలు మిగిలాయని, అవే ఇప్పుడు పెరుగుతున్నాయని.

“మాయ అంటే… బిడ్డదేనా అది?”

“బిడ్డతోపాటు వచ్చిందే.”

“అంటే నా బిడ్డది నాలో ఉందా?” దయామణి లేచి కూర్చుంది. “ఆడపిల్లా, మొగపిల్లోడా?”

మిషన్ అది కూడా చెప్పింది. పరిమళ చూపు గోడ మీదికి పోయింది. ప్రతి స్కానింగు గదిలోలాగే అక్కడా బోర్డు ఉంది, పుట్టబోయే బిడ్డ ఆడో మగో చెప్పడం నేరమని. తన ఉద్యోగకాలమంతా ఆ ఒక్క ప్రశ్నకు నోరు విప్పకుండా బతికింది పరిమళ. పుట్టబోయేవాళ్ల గురించి చట్టముంది. పోయినవాళ్ల గురించి ఏమీ లేదు.

“ఆడపిల్ల,” అంది.

“చూపియ్యమ్మా,” అంది దయామణి.

పరిమళ తన కట్టడిని తానే తప్పింది. తెరను ఇటు తిప్పింది.

దయామణి చెయ్యి చాపి తెర మీద ఆ రంగును తాకింది. అది వెలుతురేనని, వేలికి అద్దం తప్ప మరేమీ తగలదని ఆమెకూ తెలుసు. అయినా చెయ్యి తీయలేదు.

ఇశ్రాయేలే మొదట తేరుకున్నాడు. “ఎప్పుడు తీత్తారు మేడమ్ గారూ?”

దయామణి చీర కుచ్చిళ్లు పొట్ట మీదికి లాక్కుని బల్ల దిగింది. “తీయరు,” అంది. “ఒకసారి నాకు చూపియ్యకుండా తీసకపోయారు. మళ్లీ తీసకపోతామంటే ఎట్టా ఇత్తా?”

ఆ తర్వాత ఇశ్రాయేలు ఒక్కడే వచ్చాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“కడుపులోదాంతో మాట్లాడతంది మేడమ్ గారూ. అన్నం తింటా మాట్లాడిద్ది, తొడిమలు తీత్తా మాట్లాడిద్ది. తబిత అని పేరు పెట్టుకుంది. పనికాడ ఆడోళ్లు కొందరు ఏడుత్తన్నారు, కొందరు భయపడి దూరం జరుగుతున్నారు. మీరు ఒక్క మాట చెప్పండి. మిషన్ తప్పు చూపిచ్చిందని చెప్పండి. అది ఉత్త గడ్డే అనండి. మీరు చెబితే నమ్మిద్ది.”

“అబద్ధం చెప్పమంటావా ఇశ్రాయేలూ?”

“నిజం చెప్పారు గదా. ఏమైందో చూడండి.”

ఆ మాట పరిమళను వదల్లేదు. వార్డులో తిరుగుతున్నా, ఇంట్లో కూర తరుగుతున్నా వెంటాడింది. ఆమె ఇన్నేళ్లలో ఎందరివో గర్భసంచులు తీసింది. తీసిన ప్రతిదీ స్టీలు ట్రేలో పడగానే నర్సు పక్కకు జరిపేది. అందులో ఎవరున్నారని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఇప్పుడు ఆపరేషన్ థియేటర్‌లో కత్తి అందుకునే ప్రతిసారీ, ఆ ఎర్రటి కండలో ఏ రంగులు వెలుగుతుంటాయోనన్న ఊహ చెయ్యి పట్టుకునేది. ఒకసారి ట్రే పక్కకు జరుపుతున్న నర్సును “ఆగు” అంది. ఎందుకో తనకే తెలియలేదు. “ఏం లేదు, తీసుకెళ్లు,” అంది మళ్లీ.

కరీముల్లా కూడా నిద్రలేని కళ్లతో తిరుగుతున్నాడు. “రంగులు తీసేస్తాను మేడమ్. జబ్బు కణాలను తప్ప మరేమీ చూపించకుండా చేస్తాను.”

“చేయగలవా?”

“లేదు,” అన్నాడు నిజాయితీగా. “నిద్రపోతున్న కణానికీ, చంపబోయే కణానికీ తేడా దానికి తెలియదు. పెరిగితేనే తెలుస్తుంది.”

ఆదివారం చర్చి వదిలాక పరిమళ వాళ్ల ఇంటికి వెళ్లింది. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఇశ్రాయేలు కుర్చీ తుడిచి వేశాడు. దయామణి మంచం మీద ఆనుకుని కూర్చుంది. మునుపటి కంటే పాలిపోయింది గానీ, మొహంలో ఒక ప్రశాంతత ఉంది. పరిమళకు భయం వేసింది ఆ ప్రశాంతతను చూసే. కెజియా గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది.

“దయామణీ, నీకొక మాట చెప్పాలని వచ్చాను,” అంది పరిమళ. “మిషన్ మళ్లీ సరిచూశాం. ఆ రోజు అది తప్పు చూపించింది. నీ కడుపులో ఉన్నది మామూలు గడ్డ. బిడ్డది కాదు.”

దయామణి ఆమె మొహంలోకి చూసింది. పరిమళ కళ్లు నేల మీదికి వాలాయి.

“ఆ రోజు నర్సమ్మ కూడా ఇట్టాగే కిందికి చూసి చెప్పింది,” అంది దయామణి. కోపం లేదు గొంతులో. “మీరు అట్టాంటోరు కాదనుకున్నా డాక్టరమ్మా.”

కెజియా గుమ్మం దగ్గర నుంచి అంది:

“అది గడ్డే మేడమ్. ఎవరి కణాలైనా అది క్యాన్సరే. మేం చదువుకున్నాం. ఆ మాటే అమ్మతో అంటే, మీ అక్కని గడ్డంటావా అని చెంప మీద కొట్టింది. పుట్టి బుద్ధెరిగాక మా అమ్మ నన్ను కొట్టటం అదే మొదలు. ఆ తెర మీద నా రంగు కూడా ఉందంట కదా. నాన్న చెప్పాడు. దాని గురించి అమ్మ ఒక్కసారి కూడా అడగలేదు.”

“నువ్వు నా కళ్లెదర ఉన్నావు గదే,” అంది దయామణి ఆశ్చర్యపోతూ. “నిన్ను రోజూ చూత్తన్నా గదా.”

“రేపు నువ్వు లేకపోతే నన్నెవరు చూస్తారమ్మా?”

కెజియా చివ్వున లోపలికి వెళ్లిపోయింది. తనకిచ్చిన కాఫీ తాగకుండానే పరిమళ లేచింది.

కొద్దిరోజులకే మధ్యాహ్నం వేళ ఆసుపత్రి గేటు ముందు ట్రక్ ఆటో ఆగింది. వెనక మిర్చి గోతాల మీద దయామణి పడుకుని ఉంది. తల కెజియా ఒళ్లో ఉంది. తొడిమల కుప్ప ముందు కూర్చున్నదల్లా ఒక్కసారిగా నెత్తురు వరదలా పోయిందట. గోతాలు తడిసి, మిరప ఘాటుతో కలిసిన నెత్తురు వాసనకు స్ట్రెచర్ తెచ్చినవాళ్లు ముక్కు మూసుకున్నారు.

నాడి అందీ అందనట్టుంది. రక్తం ఎక్కించడం మొదలుపెట్టారు. మత్తు డాక్టరు సిద్ధంగా ఉన్నాడు. దయామణికి తెలివి ఉంది. వద్దని తల ఊపుతోంది.

“మేడమ్, నేను సంతకం పెడతా,” అన్నాడు ఇశ్రాయేలు ఏడుస్తూ.

పెట్టించుకోవచ్చు. ఇంకాసేపు ఆగితే తెలివి తప్పుతుంది, అప్పుడు అడిగే పనే ఉండదు. ఒకప్పుడు ఈ మనిషి తెలివి తప్పి లేచేసరికే అంతా అయిపోయింది. పరిమళ వంగి ఆమె చెవి దగ్గర నోరు పెట్టింది.

“దయామణీ. ఆ రోజు అబద్ధం చెప్పాను. తప్పే. ఇప్పుడు చెప్పేది నిజం. ఇది తీయకపోతే నువ్వు సాయంత్రం దాకా ఉండవు. నువ్వు పోతే అదీ నీతోనే పోతుంది.”

దయామణి కళ్లు తెరిచింది. మాట గాలిలా వచ్చింది. “తీసి యాడ పారేత్తారు?”

“పారేయను.”

“నాకు చూపిత్తావా?”

“చూపిస్తాను.”

“నా చేతుల్లో పెడతావా?”

“పెడతాను. నువ్వు లేచేదాకా నా దగ్గరే ఉంచుతాను. ఎవరికీ ఇవ్వను.”

దయామణి చూపు పక్కనే ఉన్న కెజియా మీదికి తిరిగింది. నెత్తురంటిన చెయ్యెత్తి, తాను కొట్టిన చెంపను తడిమింది. తర్వాత సరేనన్నట్టు కళ్లు మూసింది.

ఆపరేషన్ కష్టమైంది. పట్టుకున్నచోటల్లా కండ చిట్లింది. గర్భసంచి ట్రేలో పడినప్పుడు నర్సు అలవాటు కొద్దీ పక్కకు జరపబోయింది. “ఇటు పెట్టు,” అంది పరిమళ. పరీక్షకు కావలసినంత ముక్క కోసి పంపింది. మిగతాది మొత్తం కావాలని కరీముల్లా థియేటర్ తలుపు దగ్గర కాచుకుని ఉన్నాడు. అలాంటి నమూనా మళ్లీ దొరకదని, ఎందరికో పనికొస్తుందని బతిమాలాడు. అతను చెప్పిందీ అబద్ధం కాదు.

“మాటిచ్చాను,” అంది పరిమళ. నియమం ప్రకారం ఆసుపత్రి వ్యర్థాల పసుప్పచ్చ సంచిలోకి పోవలసినదాన్ని చల్లని సెలైన్‌లో ఉంచి తన గదిలోకి తీసుకెళ్లింది. తలుపు వేసుకుని దాని పక్కనే కూర్చుంది. దాన్ని వదిలి టీకి కూడా వెళ్లలేకపోయింది. రెండుసార్లు, తనకు తెలియకుండానే, మూత సరిగా ఉందో లేదో చూసింది.

దయామణికి పూర్తిగా తెలివి వచ్చాక, గ్లౌజులు తొడిగి, తెల్లని గుడ్డ పరిచి ఆమె చేతుల్లో పెట్టింది. ఒక పక్క ఇశ్రాయేలు, ఒక పక్క కెజియా. ముడుచుకుపోయిన మాంసపు ముద్ద. చినిగిన గోడలో పసుపూ గోధుమా కలిసిన మచ్చ. వెలుగేమీ లేదు.

దయామణి దాన్ని చాలాసేపు చూసింది.

“మొహం లేదు,” అంది.

“లేదమ్మా.”

“ఉంటదేమోననుకున్నా.” చేతులు కొంచెం పైకెత్తింది. “బరువుంది గానీ.”

కెజియా తల్లి చేతుల కింద తన చేతులు పెట్టింది. “ఇటివ్వమ్మా, నీకు కుట్లు లాగుతాయి,” అంది. తీసుకుని, పాపను పట్టుకున్నట్టే పట్టుకుంది. కాసేపటికి, ఎవరినీ చూడకుండా, “అక్కా,” అంది నెమ్మదిగా. అప్పుడు ఏడ్చింది దయామణి.

పాస్టరుగారు మొదట సందేహించినా, సమాధుల తోటలో మూల జాగా ఇచ్చారు. తబిత పేరు చెక్కిన చిన్న రాయి వేశారు.

కథ అంతటితో అయిపోయి ఉంటే బాగుండేది. కుట్లు మానాక దయామణిని మళ్లీ దివిటీ కింద పడుకోబెట్టి, ఈసారి పళ్లాన్ని కాళ్ల వైపు నుంచి పైకి జరిపారు. పొత్తికడుపు చీకటిగా, శుభ్రంగా ఉంది. పరిమళ గట్టిగా ఊపిరి తీసుకునేలోపు పళ్లెం రొమ్ము మీదికి వచ్చింది. మునుపు గర్భసంచి వెలుగు ముందు అది ఆనలేదు. ఇప్పుడు స్పష్టంగా ఉంది. గుండె కండరంలో ఒక పక్కగా, ఒంటరిగా, కుంకుమపువ్వు రంగు చుక్క.

“అందరు తల్లుల్లోనూ ఉండేదే కావచ్చు,” అన్నాడు కరీముల్లా. “జబ్బు గింజ కూడా కావచ్చు. గుండెలో సూది గుచ్చి తీసి చూడలేం. ఆగి చూడాలి. పెరిగితే మందులు.”

ఈసారి పరిమళ తెర తిప్పి, దాచకుండా అంతా చెప్పింది.

ఆ విడత నుంచి దయామణి క్రమం తప్పకుండా వస్తోంది. ఊళ్లో ఈ సంగతి పాకి, దివిటీ గది ముందు ఆడవాళ్లు బారులు తీరుతున్నారు. జబ్బు కోసం వచ్చినవాళ్లు తక్కువ. వాన కురిసిన రోజు బల్ల ఎక్కిన ముసలావిడ “ముగ్గుర్ని మోశా, మూడు రంగులుండాలి, చూడమ్మా,” అంది. రెండే కనిపించాయి. పరిమళ ఆ పూట మరెవరినీ చూడలేదు.

మొన్న దయామణి, ఇశ్రాయేలు కలిసి వచ్చారు. పళ్లెం జరుగుతున్నంతసేపూ ఇద్దరూ పరిమళ మొహంకేసే చూస్తున్నారు.

“పోయిందా మేడమ్ గారూ?” అన్నాడు ఇశ్రాయేలు.

“ఉందా అమ్మా?” అంది దయామణి, అదే క్షణంలో.

“ఉంది,” అంది పరిమళ. దయామణి మొహం విప్పారింది. “పెరగలేదు,” అంది మళ్లీ. ఇశ్రాయేలు గోడకు ఆనుకున్నాడు.

తెర మీద చుక్క గుండె కొట్టుకున్నప్పుడల్లా అటూ ఇటూ కదులుతోంది. పిలిస్తే తల తిప్పుతున్నట్టుంది. దయామణి బల్ల మీద నుంచే దాన్ని చూస్తూ అంది:

“బిడ్డ ఎదగాలని మొక్కుకోని తల్లి ఉంటదా డాక్టరమ్మా? నేను పొద్దున్నే లేచి, ఎదగబాకే తల్లీ, ఇట్టాగే ఉండిపోవే అని బతిమాలుకుంటన్నా.”